కోళ్ల జబ్బు కోళ్లతో ఆగడం లేదు

శీతాకాలంలో బర్డ్ ఫ్లూ వార్త రావడం, కోడిమాంసం గిరాకీ పడిపోవడం, గుడ్డు ధర జారడం, మొక్కజొన్న బేరాలు కొన్ని వారాలపాటు చల్లబడడం, తర్వాత అందరూ మరచిపోయి ధరలు కోలుకోవడం: సుమారు 20 సంవత్సరాలుగా బజారుకు అలవాటైన క్రమం ఇది. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో దేశంలో మొదటిసారిగా ఈ జబ్బు బయటపడినప్పుడు వర్తకులు బెంబేలెత్తారు. 2008లో పశ్చిమ బెంగాల్‌లో 40 లక్షలకు పైగా కోళ్లను చంపి పూడ్చవలసి వచ్చింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు శివారు ప్రాంతమైన తొర్రూరులో లక్షన్నర ప్రాంతం కోళ్లను నిర్మూలించారు. ప్రతిసారీ కొన్ని నెలలలో బజారు మామూలు స్థితికి వచ్చింది. అందువల్ల ఇది వచ్చిపోయే జబ్బేనన్న లెక్క వర్తక వర్గాలలో స్థిరపడిపోయింది.

ఆ లెక్కకు ఆధారం ఒక్కటే. జబ్బు కోళ్లది, కోళ్లను చంపితే జబ్బు పోతుంది అన్నది ఆ ఆధారం. 2022 నుండి ప్రపంచంలో జరిగిన పరిణామాలు దానిని కదిలించివేశాయి. హెచ్5ఎన్1 వైరస్ పాలిచ్చి పిల్లలను పెంచే జంతువులలో కూడా ప్రవేశించింది. కోళ్ల వ్యాపారంలోనూ, దాణా సరుకుల వ్యాపారంలోనూ పెట్టుబడి పెట్టినవారు ఈ మార్పును ఆరోగ్య శాఖ వ్యవహారంగా భావించి ఊరుకోవడం తగదు. కోళ్ల నుండి ఇతర జంతువులకు, మనుషులకు ఈ జబ్బు నడిచే దారులలో కొన్ని వారి దుకాణాల మీదుగా, లారీల మీదుగా పోతున్నాయి.

ఆవులలో, సముద్ర జంతువులలో

2022 అక్టోబరులో స్పెయిన్‌లోని గలీసియా ప్రాంతంలో ఉన్ని తోళ్ల కోసం మింకు అనే జంతువులను పెంచే ఫారంలో ఈ జబ్బు వచ్చింది. సుమారు 52,000 జంతువులను చంపివేశారు. పక్షి నుండి జంతువుకు రావడం అంతకుముందు కూడా వున్నదే. ఇక్కడ మాత్రం ఒక జంతువు నుండి మరొక జంతువుకు పాకినట్లు శాస్త్రజ్ఞులు భావించారు. 2023లో అర్జెంటీనా తీరంలోని వల్దెస్ ద్వీపకల్పంలో ఏనుగు సీళ్ల పిల్లలు 17,000కు పైగా చనిపోయాయి. ఆ ఋతువులో పుట్టిన పిల్లలలో బ్రతికినవి బహు స్వల్పం.

2024 మార్చిలో అమెరికాలోని టెక్సాస్, కాన్సాస్ రాష్ట్రాలలో పాడి ఆవులకు ఈ జబ్బు వచ్చినట్లు నిర్ధారణ అయినది. ఆవులలో వైరస్ ప్రధానంగా పొదుగులో పెరుగుతుంది. పాలు చిక్కబడి పసుపు రంగుకు తిరుగుతాయి, దిగుబడి ఒక్కసారిగా పడిపోతుంది. ఆవులు చాలావరకు చనిపోవు గాని, కోలుకున్న తర్వాత కూడా పూర్వపు దిగుబడికి రానివి వున్నాయి. పాలు పితికే యంత్రాల ద్వారా ఒక ఆవు నుండి మరొక ఆవుకు, అమ్మకానికి తరలించిన పశువుల ద్వారా ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి అది పాకింది. 2025 నాటికి వెయ్యికి పైగా మందలలో కనిపించింది. ఆ ఫారాలలో పచ్చిపాలు తాగిన పిల్లులు చనిపోయాయి. పాశ్చరైజ్ చేసిన పాలలో మాత్రం వైరస్ బ్రతకదని పరీక్షలలో తేలింది.

వర్తకులు ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి వున్నది. ఆవులలో ఈ జబ్బును ఇంత దూరం మోసుకుపోయినవి వలస పక్షుల కంటె పశువుల రవాణా వాహనాలే. కోళ్ల వైరస్ ఆవులలో పెరుగుతుందని ఎవరూ ఊహించకపోవడం వల్ల మొదటి వారాలలో పరీక్ష చేసినవారు లేరు. ఆ వారాలలోనే ఆవులు రాష్ట్రాలు దాటిపోయాయి.

పులుల నుండి పసిపాప వరకు

ఈ సంగతులు దూర దేశాలవని తోసిపుచ్చడానికి వీలులేదు. 2024 డిసెంబరులో నాగపూర్ సమీపాన గోరెవాడ సంరక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుతపులి చనిపోయాయి. భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల పరీక్షలలో హెచ్5ఎన్1 అని తేలింది. మేతగా వేసిన కోడిమాంసం మీదనే అనుమానం పోయింది. 2025 ఆరంభంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో పెంపుడు పిల్లులలో ఈ జబ్బు కనిపించింది. అంతకు 20 సంవత్సరాల ముందే, 2004లో, థాయిలాండ్‌లోని శ్రీరాచాలో పులుల కేంద్రంలో పచ్చి కోళ్ల కళేబరాలు మేపినందువల్ల జబ్బు వచ్చి, 441 పులులలో 147 చనిపోవడమో, చంపవలసి రావడమో జరిగింది. ఆ పులులు కోళ్లను వేటాడలేదు. జబ్బు కోడి తూకం వేయబడి, బేరం కుదిరి, బండి ఎక్కి వాటి బోనుకు చేరింది.

2025 ఫిబ్రవరి రెండవ వారంలో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినది. తెలంగాణ ప్రభుత్వం సరిహద్దు చెక్‌పోస్టులలో ఆంధ్ర నుండి వచ్చే కోళ్ల లారీలను వెనక్కు పంపింది. అమ్మకాలు పడిపోగా, గుంటూరు, హైదరాబాదు వంటి చోట్ల పరిశ్రమ వర్గాలు చికెన్, గుడ్ల మేళాలు పెట్టి ప్రజలకు ఉచితంగా వడ్డించాయి. ఉడికించిన మాంసం, గుడ్డు తింటే ప్రమాదం లేదన్న మాట నిజమే. 70 డిగ్రీల వేడిలో వైరస్ నశిస్తుంది. ఆ మాట ప్రచారం చేయడంలో తప్పు లేదు.

కాని, తర్వాతి నెలలోనే పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప ఈ జబ్బుతో మంగళగిరిలోని ఎయిమ్స్ ఆసుపత్రిలో మరణించింది. ఇంట్లో మాంసం కోస్తున్న సమయంలో పాప పచ్చి ముక్క ఒకటి నోట పెట్టుకున్నట్లు వార్తలు వచ్చాయి. వండిన కూర గురించి పరిశ్రమ ఇచ్చిన హామీ ఆ పచ్చి ముక్కకు వర్తించదు. కోసేవారు, ఈకలు పీకేవారు, గంపలు మోసేవారు, ఇంట్లో కూర తరిగేవారు అందరూ ఆ హామీకి వెలుపలే వున్నారు. మేళాలు కొనేవారి భయాన్ని తీర్చగలవు గాని, సరుకు వెనుక వున్న జబ్బును తీర్చలేవు.

మనుషులకు ఎంత ప్రమాదం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2003 నుండి 2025 మధ్యభాగం వరకు 25 దేశాలలో 980కి పైగా మనుషులకు హెచ్5ఎన్1 సోకగా, వారిలో 470కి పైగా మరణించారు. అంటే దాదాపు సగం. స్వల్పంగా జబ్బు చేసి ఆసుపత్రికి రానివారు ఈ లెక్కలో లేరు గనుక అసలు నిష్పత్తి ఇంతకంటె తక్కువ కావచ్చును. అమెరికాలో 2025 ఆరంభం నాటికి జబ్బు సోకిన 70 మందిలో అత్యధికులు పాడి పనివారు, కోళ్ల పనివారు. చాలామందికి కళ్లు ఎర్రబడడంతో సరిపోయింది. 2025 జనవరిలో లూసియానాలో ఒకరు మరణించారు.

ఈ వైరస్ మనిషి నుండి మనిషికి తేలికగా పాకడం లేదు. దానికి కారణం వుంది. పక్షుల వైరస్ పక్షుల కణాల మీద వుండే తాళాలకు తగిన తాళంచెవి వంటిది. మనిషి ముక్కు, గొంతు కణాల తాళం వేరు. ఆవు పొదుగులో మాత్రం రెండు రకాల తాళాలూ వున్నట్లు పరిశోధకులు కనుగొన్నారు. ఆవులలోని వైరస్ ఒక్క చిన్న మార్పుతో మనుషుల తాళానికి సరిపోగలదని 2024 డిసెంబరులో ఒక ప్రయోగశాల అధ్యయనం తెలియజేసింది. పాలిచ్చే జంతువులలో వైరస్ ఎంతకాలం తిరిగితే అటువంటి మార్పుకు అన్ని అవకాశాలు పెరుగుతాయి. అది తప్పక జరుగుతుందని చెప్పేవారు లేరు. జరిగిననాడు కోళ్ల ధర గురించి మాట్లాడుకునే పరిస్థితి వుండదు. 2020లో బజార్లు మూతబడిన రోజులు వర్తకులు మరచిపోయి వుండరు.

బజారు లెక్కలో రెండు దశలు

బర్డ్ ఫ్లూ ధరల మీద రెండు దశలుగా పనిచేస్తుంది. మొదటి దశలో భయం వల్ల గిరాకీ తగ్గి ధర పడిపోతుంది. రెండవ దశలో కోళ్లు తగ్గిపోయినందువల్ల సరఫరా కుంటుపడి ధర ఎగబాకుతుంది. గుడ్లు పెట్టే కోడిని పిల్ల దశ నుండి పెంచి మొదటి గుడ్డు చూడడానికి 18 నుండి 20 వారాలు పడుతుంది గనుక రెండవ దశ తొందరగా తీరదు. అమెరికాలో 2022 నుండి 2025 ఆరంభం వరకు 16 కోట్లకు పైగా పక్షులు ఈ జబ్బు పాలయ్యాయి. అక్కడ డజను గుడ్ల సగటు ధర 2024 మార్చిలో 2.99 డాలర్లు వుండగా, 2025 మార్చిలో 6.23 డాలర్లకు చేరింది. తర్వాత దిగివచ్చినప్పటికీ, మధ్యలో ఒప్పందాలు చేసుకున్న బేకరీలు, హోటళ్లు తీవ్రంగా నష్టపోయాయి.

తెలుగు రాష్ట్రాలకు ఈ లెక్క మరింత ముఖ్యం. 2023-24లో దేశంలో ఉత్పత్తి అయిన 14,200 కోట్లకు పైగా గుడ్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాటా కలిపి దాదాపు 30 శాతం. గోదావరి జిల్లాల గుడ్డు బెంగాల్, బీహారు, అస్సాం వరకు పోతుంది. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. లక్ష కోళ్లకు రోజుకు 110 క్వింటాళ్లు. అందులో సగం మొక్కజొన్న అనుకున్నా రోజుకు 55 క్వింటాళ్లు, సంవత్సరానికి సుమారు 20,000 క్వింటాళ్లు. ఒక్క లక్ష కోళ్ల ఫారం ఖాళీ అయితే నిజామాబాదు నుండో, కర్నూలు నుండో కదలవలసిన ఇంత సరుకుకు గిరాకీ పోయినట్లే. మిగిలిన సగంలో సోయా చెక్క, నూకలు, తవుడు వర్తకుల వాటా వున్నది. కోళ్ల రైతుకు అప్పు మీద దాణా ఇచ్చిన వర్తకునికి నష్టం రెండింతలు. ముందు అమ్మకాలు పోతాయి, తర్వాత పాత బాకీ వసూలు కాదు.

దాపరికానికి ధర ఎవరు చెల్లిస్తున్నారు?

ఇంత నష్టం వుండగా, ఫారంలో కోళ్లు రాలిపోవడం మొదలైన రోజునే అధికారులకు తెలియజేయడం అందరికీ లాభం కావలసి వున్నది. ఆచరణలో అందుకు విరుద్ధంగా జరుగుతున్నది. 2025లో గోదావరి జిల్లాలలో జబ్బు నిర్ధారణ కావడానికి కొన్ని వారాల ముందు నుండే కోళ్లు చనిపోతూ వచ్చాయి. చచ్చిన కోళ్లను కాలువలలో, రోడ్ల పక్కన పారవేసినట్లు వార్తలు వచ్చాయి.

దీనికి రైతును ఒక్కడినే నిందించడం న్యాయం కాదు. జబ్బు నిర్ధారణ అయిన తర్వాత అధికారులు చంపిన కోళ్లకు, ధ్వంసం చేసిన గుడ్లకు, దాణాకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు చెరిసగం భరించి పరిహారం ఇస్తాయి. అంతకుముందే జబ్బుతో చచ్చిన కోళ్లకు పరిహారం లేదు. ఈ జబ్బు రెండు మూడు రోజులలో షెడ్డును ఖాళీ చేయగలదు. నమూనా భోపాల్ పోయి ఫలితం వచ్చేసరికి పరిహారానికి అర్హమైన కోళ్లు ఎన్ని మిగులుతాయి? పైగా నిర్ధారణ జరిగితే చుట్టూ ఒక కిలోమీటరు వరకు ఇరుగుపొరుగు కోళ్లు కూడా పోతాయి. పది కిలోమీటర్ల వరకు నిఘా, రవాణా ఆంక్షలు వస్తాయి. ఊరందరి నష్టానికి తానే కారకుడైనట్లు రైతు తలవంచుకోవలసి వస్తుంది. బ్యాంకు అప్పు, దాణా బాకీ మీద పడివున్న రైతు ఈ పరిస్థితిలో నోరు విప్పకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆ రైతు ముందు అప్పుడు మరొక దారి కనబడుతుంది. ఇంకా నిలబడివున్న కోళ్లను ఎంతకైనా సరే ఆ రాత్రికే లారీ ఎక్కించి అమ్మివేయడం. కొనేవాడు లేనిదే ఈ దారి లేదు. మామూలు ధరకు సగానికి దొరుకుతున్న కోళ్లు ఎందుకు దొరుకుతున్నాయో కొనే వ్యాపారికి తెలియకుండా వుండదు. ఆ లారీ ఆగిన ప్రతి దుకాణంలోనూ జబ్బు దిగుతుంది. ఖాళీ బోనులు, ట్రేలు కడగకుండా మరొక ఫారానికి చేరితే అక్కడా దిగుతుంది. దుకాణాల వ్యర్థాలను నిషేధం వున్నప్పటికీ చాటుమాటుగా చేపల చెరువులకు తరలించే వ్యాపారం కొల్లేరు పరిసరాలలో తెలియనిది కాదు. ఆ చెరువుల గట్ల మీద కుక్కలు, పిల్లులు, నీటిపక్షులు అన్నీ వున్నాయి. పక్కనే పాడి గేదెల కొట్టాలు వున్నాయి. నాగపూర్ పులులకు వచ్చినది మరొక రూపంలో ఇక్కడ రావడానికి కావలసిన ఏర్పాట్లన్నీ వర్తకమే సమకూర్చి పెట్టినట్లు అవుతున్నది.

ఈ సగం ధర బేరంలో లాభం ఒక్కరికి, ఒక్క రాత్రికి. దాని వెల మాత్రం మిగిలిన రైతులు, దాణా వర్తకులు, గుడ్ల ఏజెంట్లు, మాంసం దుకాణదారులు అందరూ నెలల తరబడి చెల్లిస్తారు.

వర్తకులు చేయదగినవి

ప్రభుత్వం చేయవలసినది ఒకటి వున్నది. లక్షణాలు కనిపించిన వెంటనే తెలియజేసిన రైతుకు, ఆ తెలియజేసిన సమయం నుండి చచ్చిన కోళ్లకు కూడా పరిహారం లెక్క కట్టాలి. దాచిన రైతుకు ఇవ్వనక్కరలేదు. ఖజానాకు భారం పెరుగుతుందన్న అభ్యంతరం రావచ్చును గాని, ఒక ఫారం దాపరికం వల్ల పది ఫారాలకు చెల్లించే పరిహారం కంటె ఇది తక్కువే కాగలదు. వర్తక సంఘాలు ధరల విషయంలో సమర్పించే వినతిపత్రాలలో ఈ కోరిక మొదటి స్థానంలో వుండవలసి వున్నది.

టీకాల విషయం వేరుగా ఆలోచించదగినది. ఫ్రాన్సు 2023 అక్టోబరు నుండి బాతులకు టీకాలు వేసి జబ్బును బాగా తగ్గించగలిగింది. టీకా వేసిన కోళ్లలో వైరస్ కంటికి కనబడకుండా తిరిగే ప్రమాదం, కొనే దేశాల అభ్యంతరాలు వున్నందువల్ల ఎడతెగని పరీక్షలు లేనిదే టీకా పని చేయదు. అది నిఘాకు తోడు కాగలదు గాని, దాపరికానికి మందు కాజాలదు.

ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా బజారు తనంతట తాను చేయదగినవి మరికొన్ని వున్నాయి. హాంకాంగ్‌లో 1997లో ఈ జబ్బు 18 మందికి సోకి ఆరుగురు మరణించగా, సుమారు 15 లక్షల కోళ్లను చంపివేశారు. అక్కడ తర్వాత కోళ్లను, బాతులను ఒకేచోట అమ్మడం మాన్పించారు. 2001 నుండి నెలకొక రోజు కోళ్ల దుకాణాలన్నీ ఖాళీ చేసి కడగడానికి విరామ దినం పెట్టారు. 2008 నుండి రాత్రిపూట ప్రాణంతో వున్న కోళ్లను దుకాణంలో వుంచరాదన్నారు. కోళ్ల వ్యాపారం ఆగిపోలేదు. నెలకు ఒక్క రోజు అమ్మకం వదులుకుని కొంత భద్రత కొనుక్కున్నారు. విజయవాడ, రాజమహేంద్రవరం, హైదరాబాదు హోల్‌సేల్ వ్యాపారులు ఈ పద్ధతిని అనుసరించడానికి కొత్త చట్టం అవసరం లేదు. సంఘం తీర్మానం చాలును.

జాతీయ గుడ్ల సమన్వయ సంఘం 1982లో డాక్టర్ బి.వి. రావు నాయకత్వంలో ఏర్పడిన నాడు, గుడ్డు ధరను రైతులే ప్రకటించుకోవడం సాధ్యమని నమ్మినవారు తక్కువ. ఈనాడు ప్రతి ఉదయం ఆ ధర చూడనిదే బేరం మొదలు కాదు. ధరను రోజూ ప్రకటించగలిగిన పరిశ్రమ, జిల్లాల వారీగా కోళ్ల మరణాలు మామూలు స్థాయిలో వున్నవీ లేనివీ వారానికి ఒకసారి ప్రకటించడం అసాధ్యమేమీ కాదు. మొదట్లో ఆ ప్రకటన ధరను కదిలించవచ్చును. కొంతకాలానికి కొనుగోలుదారులకు అదే నమ్మకం కాగలదు. లెక్క తెలిసిన బజారు ఒక రూపాయి తగ్గవచ్చును గాని, వదంతి మీద నడిచే బజారు ఎంత పడుతుందో చెప్పలేము. జబ్బు లేని ప్రత్యేక ఫారాల సముదాయాలను భారతదేశం 2023లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ద్వారా ప్రకటించుకున్నది కూడా కొనే దేశాలలో ఈ నమ్మకం కోసమే.

ఇక ఫారం గేటు వద్ద పాటించవలసిన నియమం చిన్నది. మందలో రెండు రోజులుగా మరణాలు అకస్మాత్తుగా పెరిగినట్లు తెలిస్తే, ఎంత తక్కువకు వచ్చినా ఆ సరుకు ఎత్తరాదు. ఎత్తిన ఏజెంటుతో మిగిలిన సంఘ సభ్యులు లావాదేవీలు జరపరాదు. బోనులు, ట్రేలు, లారీ చక్రాలు మందునీళ్లతో కడగనిదే రెండవ ఫారంలోకి రానివ్వరాదు. దాణా వర్తకులు తమ వంతుగా, జబ్బు తెలియజేసిన రైతు బాకీకి కొత్త బ్యాచి గుడ్డు పట్టే వరకు గడువు ఇవ్వవచ్చును. ఆ గడువు దయాధర్మం కింద ఇచ్చినట్లు భావించనక్కరలేదు. ఆ రైతు నిలబడితేనే పాత బాకీ వసూలవుతుంది, అతడు సకాలంలో నోరు విప్పితేనే పక్క ఊరి ఖాతాదారులు నిలబడతారు. కోళ్లు ఎత్తే కూలీలకు, కోసేవారికి జ్వరం గాని, కళ్లు ఎర్రబడడం గాని వస్తే వెంటనే పరీక్ష చేయించే ఖర్చు యజమానులే భరించవలసి వున్నది. మనుషులలో మార్పు మొదలైతే మొదట కనబడేది వారిలోనే.

వలస పక్షుల రాకను ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. ఆకాశం నుండి వచ్చిన జబ్బును లారీ ఎక్కించడమా, గేటు దగ్గరే ఆపడమా అన్నది మాత్రం బజారు చేతిలోనే వున్నది. వచ్చే శీతాకాలంలో సగం ధరకు కోళ్లు వున్నాయని కబురు వచ్చినప్పుడు ఏజెంట్లు ఇచ్చే జవాబును బట్టి ఆ సంవత్సరపు ధరలే గాక, ఇంకా చాలా విషయాలు తేలగలవు.